పెన్సిలిన్ ఎసైలేజ్: బయోరియాక్టర్‌లో బాక్టీరియా ఎంజైమ్ ఉత్పత్తి – యాంటీబయోటిక్ తయారీలో వినియోగం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అర్ధసంశ్లేషిత పెన్సిలిన్ల తయారీలో పెన్సిలిన్ ఎసైలేజ్ పాత్రను వివరించగలుగుతారు.
• బాక్టీరియా పెరుగుదలకు అనుకూలమైన పరిస్థితులు ఎంజైమ్ ఉత్పత్తికి ఎందుకు అనుకూలం కావో చెప్పగలుగుతారు.
• బయోరియాక్టర్‌లో ఆక్సిజన్, ఆహారం, ఉష్ణోగ్రతలను ఎలా నియంత్రిస్తారో సులభమైన లెక్కలతో చూపగలుగుతారు.
• ఎంజైమ్ స్థిరీకరణ వల్ల కలిగే లాభాన్ని అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

చెవిపోటుతోనో, గొంతునొప్పితోనో బాధపడే పిల్లలకు వైద్యులు తరచుగా రాసే మందు అమాక్సిసిలిన్. ఇది ఏ బూజూ నేరుగా తయారుచేసే పదార్థం కాదు. పెన్సిలియం క్రైసోజెనమ్ అనే బూజు కిణ్వనం ద్వారా పెన్సిలిన్-జి ని ఇస్తుంది. ఆ అణువులో ఒక భాగాన్ని తొలగించి, దాని స్థానంలో మరొక భాగాన్ని అతికిస్తే అమాక్సిసిలిన్ వస్తుంది. ఇలా సగం జీవి చేతిలో, సగం మనిషి చేతిలో తయారయ్యే మందులను అర్ధసంశ్లేషిత యాంటీబయోటిక్‌లు అంటారు. యాంపిసిలిన్, క్లాక్సాసిలిన్ కూడా ఈ కోవకు చెందినవే.

పెన్సిలిన్-జి నుంచి పాత భాగాన్ని తొలగించే పనిని నేడు పరిశ్రమలో ఒక బాక్టీరియా ఎంజైమ్ చేస్తోంది. దాని పేరు పెన్సిలిన్-జి ఎసైలేజ్. దీనినే పెన్సిలిన్ అమిడేజ్ అని కూడా అంటారు. ఈ ఎంజైమ్‌ను ఎలా ఉత్పత్తి చేస్తారు, ఎలా వాడతారు అన్నది ఈ పాఠ్యాంశం. పాఠమంతటా ఒక విషయాన్ని గుర్తుంచుకోండి: బాక్టీరియాను బాగా పెంచడం, దానిచేత ఎంజైమ్‌ను బాగా చేయించడం రెండూ ఒకటి కావు. ఈ రెంటినీ ఒకే పాత్రలో పొసగించడమే బయోరియాక్టర్ నిర్వాహకుని అసలు పని.

2. ఎంజైమ్ అవసరం ఎలా ఏర్పడింది?

పెన్సిలిన్ల అన్నింటికీ కేంద్రకం ఒక్కటే. దాని పేరు 6-అమినోపెనిసిలనిక్ ఆమ్లం. దీన్ని ఇకపై 6-ఎ.పి.ఎ. అందాం. ఈ కేంద్రకంలోని బీటా-లాక్టమ్ వలయమే మందు శక్తికి మూలం. కేంద్రకానికి అతికి ఉన్న పార్శ్వ శృంఖలం మారితే మందు గుణం మారుతుంది. పెన్సిలిన్-జి లో ఈ శృంఖలం ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం నుంచి వచ్చింది.

1957లో ఇంగ్లండులోని బీచమ్ పరిశోధనాలయాల్లో 6-ఎ.పి.ఎ. ను వేరుచేశారు. ఆ ఫలితాలు 1959లో వెలువడ్డాయి. దీనితో కొత్త పెన్సిలిన్ల తయారీకి దారి తెరుచుకుంది. 1960లో ఎశ్చరీషియా కోలై వంటి బాక్టీరియాలలో పెన్సిలిన్-జి ని 6-ఎ.పి.ఎ. గా మార్చే ఎంజైమ్ ఉన్నట్లు పలు పరిశోధక బృందాలు తెలిపాయి.

ఈ మార్పులో ఉన్న చిక్కును గమనించండి. పెన్సిలిన్-జి లో రెండు అమైడ్ బంధాలు ఉంటాయి. ఒకటి పార్శ్వ శృంఖలాన్ని పట్టి ఉంచేది. మనం తెంచవలసింది అదే. రెండవది బీటా-లాక్టమ్ వలయంలో ఉంది, దాన్ని తాకకూడదు. వలయం బిగువుగా వంగి ఉండటం వల్ల రెండవ బంధమే బలహీనమైనది. మామూలు ఆమ్లంతోగాని క్షారంతోగాని తెంచబోతే ముందు తెగేది వలయమే. అంటే ఉండవలసింది పోయి, పోవలసింది మిగులుతుంది.

రసాయన పద్ధతిలో ఈ చిక్కును దాటడానికి కార్బాక్సిల్ సమూహానికి ముందుగా సిలైల్ రక్షణ కల్పిస్తారు. తరువాత డైక్లోరోమీథేన్ ద్రావణిలో, మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో చర్య జరుపుతారు. ఈ పద్ధతి పనిచేస్తుంది. పరిశ్రమలో చాలాకాలం నడిచింది కూడా. కాని అంత చల్లదనానికి విద్యుత్తు కావాలి. ప్రమాదకరమైన ద్రావణులను, క్లోరిన్ ఉన్న వ్యర్థాలను భరించాలి. ఎంజైమ్ ఇదే పనిని నీటిలో, 30–37 డిగ్రీల వద్ద, పి.హెచ్. 8 దగ్గర, ఒకే అంచెలో చేస్తుంది. వలయాన్ని ముట్టదు. అందుకే రసాయన పద్ధతి క్రమంగా వెనుకబడింది.

3. ఎంజైమ్ స్వభావం

ఇ. కోలై లోని పెన్సిలిన్ ఎసైలేజ్ అణుభారం సుమారు 86,000 డాల్టన్లు. ఇందులో రెండు శృంఖలాలు ఉంటాయి: 209 అమినో ఆమ్లాల ఆల్ఫా, 557 అమినో ఆమ్లాల బీటా. జన్యువు మాత్రం ఒక్కటే. మొదట 846 అమినో ఆమ్లాలున్న ఒకే పొడవాటి పూర్వగామి ప్రోటీన్ తయారవుతుంది. దాని మొదట్లో ఉన్న 26 అమినో ఆమ్లాల సంకేత భాగం ప్రోటీన్‌ను కణత్వచం దాటించి, రెండు త్వచాల మధ్య ఉన్న పెరిప్లాజమ్‌కు చేరుస్తుంది. తరువాత నడుమ ఉన్న 54 అమినో ఆమ్లాల ముక్క తెగిపోయి ఆల్ఫా, బీటా శృంఖలాలు ఏర్పడతాయి. బీటా శృంఖలం మొదట్లో బయటపడే సెరైన్ ఎంజైమ్ క్రియాశీల స్థానంలో కీలకమైనది. ఈ కోతలు సరిగా పడాలంటే కాల్షియం అయాన్లు అవసరం.

ఈ వివరాలు కేవలం పరీక్ష కోసం కాదు. ఎంజైమ్ తయారీ ఒక్క అంచెలో ముగియదనీ, త్వచం దాటడం, కోత పడడం అనే రెండు ఇరుకు దారులున్నాయనీ ఇవి చెబుతున్నాయి. కణం చేత ఎంత తొందరపెట్టి ప్రోటీన్ చేయించినా, ఈ ఇరుకుల్లో ఆగిపోతే పనికివచ్చే ఎంజైమ్ రాదు.

ఇ. కోలై డబ్ల్యు. వంటి సహజ విభేదాల్లో ఎంజైమ్ తయారీకి మూడు నియమాలు ఉన్నాయి:
(అ) ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం ప్రేరకంగా ఉండాలి.
(ఆ) గ్లూకోజ్ సమృద్ధిగా ఉంటే జన్యువు అణగి ఉంటుంది.
(ఇ) 37 డిగ్రీల వద్ద ఎంజైమ్ దాదాపు తయారుకాదు. 22–28 డిగ్రీలు అనుకూలం.

ఇ. కోలై బాగా పెరిగేది 37 డిగ్రీల వద్ద, గ్లూకోజ్ దండిగా ఉన్నప్పుడు. సరిగ్గా ఆ పరిస్థితుల్లోనే ఇది ఎంజైమ్‌ను చేయదు. ఈ బాక్టీరియా పేగు విడిచి, మట్టిలోనో నీటిలోనో దొరికిన సుగంధ సమ్మేళనాలను ఆహారంగా వాడుకోవలసి వచ్చినప్పుడు ఈ ఎంజైమ్ దానికి ఉపయోగపడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అలా చూస్తే మూడు నియమాలూ గుర్తుంచుకోవడం తేలిక: పేగులో వెచ్చదనమూ ఆహారమూ ఉన్నాయి, ఎంజైమ్ అక్కర లేదు; బయట చలి, ఆకలి ఉన్నాయి, ఎంజైమ్ కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. పెన్సిలిన్-జి ని క్షారంతో జలవిశ్లేషణ చేస్తే 6-ఎ.పి.ఎ. ఎందుకు రాదు?
2. పెన్సిలిన్ ఎసైలేజ్ తయారీకి ప్రేరకం ఏది?

4. బయోరియాక్టర్‌లో ఉత్పత్తి

4.1 విత్తన వర్ధనం

10,000 లీటర్ల యానకంలో ఒక్కసారిగా చిటికెడు బాక్టీరియా వేస్తే పెరగడానికి చాలా సమయం పడుతుంది. ఆలోగా కలుషితమయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి అంచెలంచెలుగా పెంచుతారు. ప్రతి అంచెలో 5 శాతం విత్తనం వాడుతున్నామనుకోండి. 1.25 లీటర్ల కుప్పె వర్ధనం 25 లీటర్లకు, అది 500 లీటర్లకు, అది 10,000 లీటర్లకు విత్తనమవుతుంది. విత్తనం సంవర్గమాన దశలో ఉండగానే మార్చాలి. రియాక్టర్‌ను, యానకాన్ని ముందుగా 121 డిగ్రీల ఆవిరితో సూక్ష్మజీవరహితం చేస్తారు. లోపలికి వెళ్లే గాలిని వడపోస్తారు.

4.2 ఆక్సిజన్

పెద్ద రియాక్టర్‌లో మొదట కరవయ్యేది చక్కెర కాదు, ఆక్సిజన్. ఒక లెక్కతో చూద్దాం.

30 డిగ్రీల వద్ద గాలితో సంతృప్తమైన నీటిలో లీటరుకు సుమారు 7.5 మి.గ్రా. ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది. దట్టంగా పెరిగిన ఇ. కోలై గంటకు లీటరుకు 100 మిల్లీమోల్‌లు, అంటే 3.2 గ్రా. ఆక్సిజన్ వాడుకుంటుందనుకుందాం. సెకనుకు ఇది 0.89 మి.గ్రా. గాలి సరఫరా ఆగిపోతే:

7.5 ÷ 0.89 = సుమారు 8 సెకన్లు.

ఎనిమిది సెకన్లలో నిల్వ అంతా ఖాళీ అవుతుంది. కాబట్టి ఆక్సిజన్‌ను నిల్వ చేయలేం. ఎప్పటికప్పుడు అందిస్తూనే ఉండాలి. అడుగున ఉన్న స్పార్జర్ గాలిని బుడగలుగా వదులుతుంది. ఇంపెల్లర్ ఆ బుడగలను చిన్నవిగా చీలుస్తుంది. గోడలకు అమర్చిన బాఫిల్స్ ద్రవం సుడి తిరగకుండా ఆపుతాయి. బుడగ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ఉపరితలం, అంత త్వరగా ఆక్సిజన్ బదిలీ.

ఆక్సిజన్ బదిలీ రేటు = బదిలీ గుణకం × (సంతృప్త గాఢత – వాస్తవ గాఢత)

వాస్తవ గాఢతను సంతృప్తతలో 20 శాతం, అంటే 1.5 మి.గ్రా. వద్ద నిలపాలంటే బదిలీ గుణకం 3200 ÷ 6 = గంటకు సుమారు 530 ఉండాలి. ఇది పెద్ద పాత్రల్లో తేలిగ్గా దొరికే విలువ కాదు. అందుకే పాత్రలో పీడనం పెంచడం, గాలిలో ఆక్సిజన్ పాలు పెంచడం వంటి ఉపాయాలు వాడతారు.

శ్వాసక్రియతో పాటు వేడి పుడుతుంది. బాక్టీరియా వాడిన ప్రతి మోల్ ఆక్సిజన్‌కు సుమారు 460 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. పై రేటులో 10,000 లీటర్ల పాత్ర గంటకు 1,000 మోల్‌లు వాడుతుంది. అంటే గంటకు 4,60,000 కిలోజౌళ్లు, ఇంచుమించు 128 కిలోవాట్లు. ఈ వేడిని చల్లటి నీటి తీగచుట్టల ద్వారా తీసివేయకపోతే, 28 డిగ్రీల వద్ద నిలపవలసిన పాత్ర చూస్తుండగానే వేడెక్కి ఎంజైమ్ ఉత్పత్తి ఆగిపోతుంది.

4.3 ఆహారం: కొద్దికొద్దిగా పోయడం

గ్లూకోజ్ అంతా మొదటే పోస్తే మూడు నష్టాలు. బాక్టీరియా ఆబగా తిని, మిగులును ఎసిటేట్‌గా విసర్జిస్తుంది. అది పెరుగుదలను అడ్డుకుంటుంది. ఆక్సిజన్ గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది. జన్యువు అణగిపోతుంది. వీటన్నిటికీ ఒకటే మందు: గ్లూకోజ్‌ను సన్నని ధారగా, పోసింది పోసినట్లే ఖర్చయ్యే వేగంతో పోయడం. దీన్ని ఫెడ్-బాచ్ పద్ధతి అంటారు.

పోసే వేగాన్ని ఎలా నిర్ణయిస్తారు? పెరుగుదల రేటును గంటకు 0.15 వద్ద ఉంచాలనుకుందాం. అప్పుడు కణరాశి 0.693 ÷ 0.15 = 4.6 గంటలకు రెట్టింపు అవుతుంది. 2 గ్రా. గ్లూకోజ్‌కు 1 గ్రా. పొడి కణరాశి వస్తుందనుకుంటే:

• లీటరుకు 10 గ్రా. కణరాశి ఉన్నప్పుడు: గంటకు 1.5 గ్రా. కొత్త కణాలు, 3 గ్రా. గ్లూకోజ్.
• లీటరుకు 20 గ్రా. ఉన్నప్పుడు: గంటకు 3 గ్రా. కొత్త కణాలు, 6 గ్రా. గ్లూకోజ్.

1 గ్రా. కణరాశి ఏర్పడటానికి ఇంచుమించు 1 గ్రా. ఆక్సిజన్ ఖర్చవుతుంది. కాబట్టి రెండవ సందర్భంలో ఆక్సిజన్ గిరాకీ గంటకు లీటరుకు సుమారు 3 గ్రా. పైన 4.2 లో మనం వేసిన లెక్కకు ఇది చేరువలో ఉంది. అంటే ఆ పాత్ర తట్టుకోగల హద్దుకు చేరుకున్నాం. ఇక మీదట అదే రేటుతో పెంచకూడదు. ధారను పెంచకుండా నిలిపి, పెరుగుదలను నెమ్మదింపజేయాలి. ఎంత పోయాలో చెప్పేది బాక్టీరియా ఆకలి కాదు; పాత్రకు ఆక్సిజన్ ఇవ్వగల, వేడి తీయగల శక్తి.

4.4 ఉష్ణోగ్రత, ప్రేరకం

సహజ విభేదాలను సాధారణంగా 30 డిగ్రీల లోపే పెంచుతారు. ఫినైల్ ఎసిటిక్ ఆమ్లాన్ని లీటరుకు 1–2 గ్రా. స్థాయిలో ఉంచుతారు. ఇది ప్రేరకమే అయినా, మోతాదు మించితే కణాలకు విషమవుతుంది. బాక్టీరియా దీన్ని ఆహారంగా కూడా వాడేస్తుంది కనుక విడతలవారీగా కలపడం మేలు.

4.5 పునస్సంయోజక విభేదాలు

1970ల చివరలో ఈ ఎంజైమ్ జన్యువును పలు ప్రతులు ఏర్పడే ప్లాస్మిడ్‌లోకి చేర్చారు. ప్రతులు పెరిగితే ఎంజైమ్ పెరిగింది. అయితే ఇక్కడే 3వ విభాగంలో చెప్పిన ఇరుకు దారులు గుర్తుకు రావాలి. పూర్వగామి ప్రోటీన్ మితిమీరిన వేగంతో తయారైతే త్వచం దాటలేక, కోత పడక, కణంలోనే పనికిరాని ముద్దలుగా పేరుకుపోతుంది. ఉష్ణోగ్రత తగ్గించి, ప్రేరణను మితంగా ఉంచితే మొత్తం ప్రోటీన్ తగ్గినా, పనిచేసే ఎంజైమ్ పెరుగుతుంది.

మరొక జాగ్రత్త ఉంది. ప్రయోగశాలలో వాడే చాలా ప్లాస్మిడ్‌లలో గుర్తుగా యాంపిసిలిన్ నిరోధక జన్యువు ఉంటుంది. ఆ జన్యువు చేసేది బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమ్. దాని పని బీటా-లాక్టమ్ వలయాన్ని తెంచడమే. ఎసైలేజ్‌తో పాటు అది కొంచెం కలిసినా, ఒకవైపు 6-ఎ.పి.ఎ. తయారవుతుంటే మరోవైపు నాశనమవుతుంటుంది. కంచే చేను మేసినట్లవుతుంది. కాబట్టి ఇలాంటి ఉత్పత్తికి కానమైసిన్ వంటి వేరే నిరోధక గుర్తును ఎంచుకుంటారు.

బాసిల్లస్ మెగాటీరియమ్ కూడా ఈ తరహా ఎంజైమ్‌ను ఇస్తుంది. అది ఎంజైమ్‌ను కణం బయటికే స్రవిస్తుంది కనుక వేరుచేయడం తేలిక.

5. వేరుచేయడం, స్థిరీకరణ

ఇ. కోలై ఎంజైమ్ కణం లోపల ఉంటుంది. కిణ్వనం ముగిశాక సెంట్రిఫ్యూజ్‌తో కణాలను కూడగట్టి, అధిక పీడన యంత్రంతో చీలుస్తారు లేదా పెరిప్లాజమ్‌లోని ప్రోటీన్లను మాత్రం విడుదల చేస్తారు. కణ శకలాలను వడపోసి, ఎంజైమ్‌ను పాక్షికంగా శుద్ధి చేస్తారు. ప్రతి దశలోనూ ఎంజైమ్ శక్తిని కొలుస్తారు. ఏర్పడిన 6-ఎ.పి.ఎ. పారా-డైమిథైల్ అమినో బెంజాల్డిహైడ్‌తో పసుపు రంగునిస్తుంది. ఆ రంగు తీవ్రతను 415 నానోమీటర్ల వద్ద చదువుతారు. నిమిషానికి 1 మైక్రోమోల్ 6-ఎ.పి.ఎ. ను ఇచ్చే ఎంజైమ్ పరిమాణం ఒక యూనిట్.

ఈ ఎంజైమ్‌ను అలాగే నీటిలో కలిపితే ఒక్కసారి పనిచేసి ఉత్పన్నాలతో కలిసిపోతుంది; తిరిగి రాబట్టడం కష్టం. అందుకని పాలిమర్ పూసలకు సంయోజనీయ బంధాలతో అతికిస్తారు. దీన్నే స్థిరీకరణ అంటారు. చర్య ముగిశాక ద్రవాన్ని జాలీ గుండా వడకడితే పూసలు పాత్రలోనే మిగులుతాయి. కొత్త ద్రావణం పోసి మళ్లీ వాడవచ్చు.

6. 6-ఎ.పి.ఎ. తయారీ: ఒక లెక్క

1,000 కి.గ్రా. పెన్సిలిన్-జి పొటాషియం లవణాన్ని (అణుభారం 372.5) తీసుకుందాం. ఇది 2,685 మోల్‌లు. మార్పు పూర్తిగా జరిగితే:

• 6-ఎ.పి.ఎ. (అణుభారం 216.3): సుమారు 581 కి.గ్రా.
• ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం (అణుభారం 136.15): సుమారు 366 కి.గ్రా.

వెలువడే ఆమ్లం పి.హెచ్. ను దించేస్తుంది. దించితే ఎంజైమ్ మందగిస్తుంది. కాబట్టి అమ్మోనియాను సన్నగా కలుపుతూ పి.హెచ్. ను 8 దగ్గర నిలుపుతారు. మోల్‌కు మోల్ చొప్పున 2,685 మోల్‌ల అమ్మోనియా, అంటే సుమారు 46 కి.గ్రా. కావాలి. ఎంత అమ్మోనియా ఖర్చయిందో చూస్తే చర్య ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది. క్షారం ఒకేచోట గుమికూడితే అక్కడ వలయం తెగుతుంది. అందుచేత చక్కగా కలియబెట్టాలి, అయితే పూసలు నలగకూడదు.

రెండు ఉత్పన్నాలూ ఎంజైమ్‌ను నిరోధిస్తాయి. చివరి కొద్ది శాతం మార్పు నెమ్మదిగా సాగడానికి ఇదొక కారణం. చర్య ముగిశాక ఫినైల్ ఎసిటిక్ ఆమ్లాన్ని ద్రావణితో తీసివేస్తారు. పి.హెచ్. ను 4 ప్రాంతానికి తెస్తే 6-ఎ.పి.ఎ. స్ఫటికాలుగా దిగుతుంది. తీసిన ఫినైల్ ఎసిటిక్ ఆమ్లాన్ని శుద్ధిచేసి, పెన్సిలిన్-జి కిణ్వనంలో పూర్వగామిగా తిరిగి వాడవచ్చు.

ఎంత ఎంజైమ్ కావాలి? పై మార్పు 2 గంటల్లో ముగియాలంటే సగటున నిమిషానికి 22.4 మోల్‌ల చొప్పున, అంటే కనీసం 2.24 కోట్ల యూనిట్లు కావాలి. ఉదాహరణకు, మన 10,000 లీటర్ల రియాక్టర్ లీటరుకు 5,000 యూనిట్లు ఇచ్చి, అందులో సగం పూసలపై నిలిచిందనుకుందాం. చేతికి వచ్చేది 2.5 కోట్ల యూనిట్లు. ఒక్కసారి వాడి పారేస్తే, అంత పెద్ద కిణ్వనం కేవలం ఒక టన్ను పెన్సిలిన్‌కు సరిపోతుంది. అదే పూసలను 300 సార్లు వాడగలిగితే 300 టన్నులకు సరిపోతుంది. వాడేకొద్దీ శక్తి కొంత తగ్గుతుంది, చర్యాకాలం పెరుగుతుంది. అయినా మందు ధరను నిర్ణయించేది ఎంజైమ్ ఎంత వచ్చిందన్నది మాత్రమే కాదు, ఎన్నిసార్లు పనిచేసిందన్నది కూడా.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. గ్లూకోజ్‌ను కొద్దికొద్దిగా పోయడం వల్ల కలిగే మూడు లాభాలు ఏవి?
2. 500 కి.గ్రా. పెన్సిలిన్-జి పొటాషియం లవణం నుంచి గరిష్ఠంగా ఎంత 6-ఎ.పి.ఎ. వస్తుంది?

7. మన దేశ సందర్భం

1954లో పుణె సమీపంలోని పింప్రిలో ప్రభుత్వ రంగంలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ సంస్థ ఏర్పడింది. దేశంలో పెన్సిలిన్ ఉత్పత్తికి పునాది అక్కడ పడింది. తరువాతి దశాబ్దాల్లో చైనా నుంచి చౌకగా దిగుమతులు రావడంతో దేశీయ పెన్సిలిన్-జి కిణ్వనం నిలిచిపోయింది. మాత్రలు మన దగ్గరే తయారైనా, వాటికి మూలమైన పెన్సిలిన్-జి, 6-ఎ.పి.ఎ. లకు బయటి దేశంపై ఆధారపడవలసి వచ్చింది. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకంలో పెన్సిలిన్-జి ని చేర్చారు. దాని కింద కాకినాడ జిల్లాలో నెలకొల్పిన కర్మాగారంలో 2024లో పెన్సిలిన్-జి ఉత్పత్తి మొదలైంది. ఈ పాఠంలోని ఆక్సిజన్ బదిలీ, ఆహార ధార, ఎంజైమ్ పునర్వినియోగం వంటి లెక్కలు అటువంటి పరిశ్రమ పోటీలో నిలవగలదా లేదా అన్నదాన్ని నిర్ణయిస్తాయి.

ఎంజైమ్ పద్ధతి శుభ్రమైనదే కాని, వ్యర్థం లేనిది కాదు. మిగిలిన ద్రవాల్లో యాంటీబయోటిక్ అవశేషాలు ఉంటాయి. అవి చెరువుల్లోకి, వాగుల్లోకి చేరితే అక్కడి బాక్టీరియా నిరోధకతను అలవరచుకుంటుంది. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం పటాన్‌చెరు ప్రాంతంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. వరకు ఉన్నట్లు తెలిపింది. అది వేరే వర్గపు యాంటీబయోటిక్ అయినా, పాఠం ఒక్కటే: మందును చేసే చోటే మందు పనిచేయకుండా పోయే పరిస్థితిని మనం సృష్టించకూడదు. వ్యర్థజలాలను వదిలేముందు బీటా-లాక్టమ్ వలయం పూర్తిగా ఛిన్నమైందని నిర్ధారించుకోవడం కూడా ఉత్పత్తిలో భాగమే.

8. సారాంశం

పెన్సిలిన్-జి ని 6-ఎ.పి.ఎ. గా మార్చే పెన్సిలిన్ ఎసైలేజ్, బలహీనమైన బీటా-లాక్టమ్ వలయాన్ని ముట్టకుండా పార్శ్వ శృంఖలాన్ని మాత్రమే తెంచుతుంది. సహజ ఇ. కోలై విభేదాల్లో ఇది తక్కువ ఉష్ణోగ్రతలో, గ్లూకోజ్ కొరతలో, ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం సమక్షంలో తయారవుతుంది. బయోరియాక్టర్‌లో పెరుగుదలకు హద్దు గీసేవి ఆక్సిజన్ సరఫరా, వేడి తొలగింపు. ఫెడ్-బాచ్ పద్ధతి ఆ హద్దులో నడవడానికి తోడ్పడుతుంది. పునస్సంయోజక విభేదాల్లో వేగం కన్నా ప్రోటీన్ సరిగా పరిణతి చెందడం ముఖ్యం. స్థిరీకరణ ఎంజైమ్‌ను వందల సార్లు వాడే వీలు కల్పిస్తుంది.

9. సరిచూసుకోండి – జవాబులు

1-1: బిగువు వల్ల బలహీనంగా ఉన్న బీటా-లాక్టమ్ వలయం ముందుగా తెగుతుంది. 1-2: ఫినైల్ ఎసిటిక్ ఆమ్లం.
2-1: ఎసిటేట్ పేరుకోదు, ఆక్సిజన్ గిరాకీ అదుపులో ఉంటుంది, జన్యువు అణగదు. 2-2: సుమారు 290 కి.గ్రా.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెన్సిలిన్ ఎసైలేజ్ ఉత్పత్తిలో బయోరియాక్టర్ నియంత్రణాంశాలను వివరించండి.
2. 6-ఎ.పి.ఎ. తయారీలో రసాయన, ఎంజైమ్ పద్ధతులను పోల్చండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎంజైమ్ స్థిరీకరణ వల్ల కలిగే ఆర్థిక ప్రయోజనాన్ని ఒక లెక్కతో చూపండి.
2. ఎసైలేజ్‌ను ఉత్పత్తి చేసే ప్లాస్మిడ్‌లో యాంపిసిలిన్ నిరోధక జన్యువును ఎందుకు వాడరు?
3. బదిలీ గుణకం గంటకు 300 మాత్రమే ఉన్న పాత్రలో, ద్రావిత ఆక్సిజన్‌ను లీటరుకు 1.5 మి.గ్రా. వద్ద నిలుపుతూ, గంటకు 0.15 పెరుగుదల రేటుతో ఎంత కణరాశి వరకు పెంచవచ్చో లెక్కించండి.